విలియం మెక్‌గ్రెగర్ గారు – కప్పు, లీగు

సాయంకాలపు ఆట ముగిసిన పిమ్మట మన పై తరగతుల బాలురు చెట్టు క్రింద కూర్చుండి చేయు వాదములలో ఒకటి నాకు మిక్కిలి ప్రీతికరమైనది. చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు కప్పు కొరకు పాటుపడుట మేలా, లీగులో పై తరగతి కెక్కుటకు పాటుపడుట మేలా అనునదియే ఆ వాదము. ఒక్కనాడు పెద్ద జట్టును ఓడించిన కీర్తి ఏబది యేండ్లు నిలుచునని కప్పు పక్షమువా రందురు. కీర్తిని చూపించినచో అంగడివాడు బియ్యము కొలువడని లీగు పక్షమువా రందురు. దీపములు పెట్టు వేళ యగును గాని వాదము తేలదు. నన్ను మధ్యవర్తిగా నుండుమని వారు కోరినప్పుడెల్ల నేను నవ్వి యూరకుంటిని. ఈ సంవత్సరము పత్రికకు వ్యాసము వ్రాయవలసి వచ్చినందున, ఆ వాదము మొదట ఎవరి మనస్సున పుట్టెనో ఆయన చరిత్రమునే వ్రాయ నిశ్చయించితిని. ఆయన ఆటగాడు కాడు. ఒక బట్టల వర్తకుడు.

విలియం మెక్‌గ్రెగర్ స్కాట్లండు దేశమున, పెర్తు సీమలోని బ్రాకో యను పల్లెయందు 1846 సంవత్సరము ఏప్రిల్ నెలలో జన్మించెను. బాల్యమున ఆ ప్రాంతమునకు పనికై వచ్చిన రాతిపనివారు తీరిక వేళలందు బంతిని తన్ని యాడుచుండగా చూచి ఆయన ఆ యాటయం దాసక్తి గొనెనని చెప్పుదురు. పెర్తు పట్టణమున బట్టల కొట్టులో పని నేర్చుకొని, 1870 ప్రాంతమున సోదరుడగు పీటరుతో గూడ వ్యాపారము చేయుటకు ఇంగ్లండునందలి బర్మింగ్‌హాము నగరమునకు వచ్చి, సమ్మర్ లేను అను వీధిలో కొట్టు పెట్టుకొనెను.

ఆ కాలమున బర్మింగ్‌హాము ఇనుము, ఇత్తడి పనులకు ప్రసిద్ధి కెక్కిన నగరము. వేలకొలది పనివారు వారమంతయు కార్ఖానాల పొగలో మ్రగ్గి, శనివారము మధ్యాహ్నము సెలవు దొరకగానే వీథులలోనికి వచ్చెడివారు. ఆ సగము దినపు సెలవే ఫుట్‌బాల్ ఆటకు ప్రాణము పోసినది. మెక్‌గ్రెగర్ గారి బుద్ధి ఏండ్ల తరబడి ఆ శనివారము మధ్యాహ్నము చుట్టునే తిరిగినదని మనము జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ నగరపు శివారున విల్లా క్రాస్ అనుచోట వెస్లియన్ సంఘమువారి ప్రార్థనాలయ మొకటి ఉండెను. దానికి జేరిన యువకులు వేసవిలో క్రికెట్టు ఆడుచు, చలికాలమున ఏమి చేయుటకును తోచక, 1874 లో ఫుట్‌బాల్ జట్టు నొకదానిని కూర్చుకొనిరి. అదియే తరువాత జగత్ప్రసిద్ధమైన ఆస్టన్ విల్లా. వారి మొదటి యాటను గూర్చి ఒక వింత సంగతి. ఎదిరి జట్టువారు రగ్బీ యాడువా రగుటచే, మొదటి సగము రగ్బీ నిబంధనల చొప్పునను, రెండవ సగము అసోసియేషన్ నిబంధనల చొప్పునను ఆడిరి! మెక్‌గ్రెగర్ 1877 లో ఈ క్లబ్బున జేరెను. జార్జి రాంసే మొదలగు స్కాట్లండు యువకులు అందుండుటయు, దానికి ప్రార్థనాలయముతోడి సంబంధ ముండుటయు ఆయన నాకర్షించెను. ఆయన మద్యము ముట్టనివాడు, భక్తిపరుడు. ఆటలో దిగి పేరు సంపాదించినవాడు కాకపోయినను, అంపైరుగా నిలుచుట, కమిటీలలో కూర్చుండుట, లెక్కలు చూచుట ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఆయన కొట్టులో ఆటగాండ్ర చొక్కాలు అమ్మబడుచుండెను గనుక, ఫుట్‌బాల్ ప్రియుల కందరకు అది చావడివలె నుండెను. విల్లా జట్టు చిహ్నమున నేటికిని కనబడు సింహము, స్కాట్లండు రాజచిహ్నము ననుసరించి ఆయన యేర్పరచినదే యని ప్రతీతి.

ఇక కప్పు సంగతి. 1871 లో ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శియగు చార్లెసు ఆల్కాక్ అను నాయన, తాను చదివిన హారో పాఠశాలలో విద్యార్థి వసతిగృహముల మధ్య జరుగుచుండిన పందెములను మనస్సున నుంచుకొని, దేశమునందలి క్లబ్బుల కన్నిటికిని ఒక కప్పు పెట్టవలెనని ప్రతిపాదించెను. ఒక్క మారు ఓడినవారు ఇంటికి పోవలెను. గెలిచినవారు ముందునకు సాగవలెను. ఇంతకంటె సులభమైన నిబంధన లేదు, ఇంతకంటె క్రూరమైనదియు లేదు. మొదటి యేట పేరు లిచ్చిన క్లబ్బులు పదునైదు మాత్రమే. పదునైదేండ్లు గడచునప్పటికి వందకు పైగా క్లబ్బులు ఆ కప్పు కొరకు పోరాడుచుండెను. ఉత్తర, మధ్య దేశములందలి కార్ఖానా పట్టణముల కన్నిటికిని అదియే పండుగ. 1887 ఏప్రిల్ 2వ తేదీన లండనులోని ఓవల్ మైదానమున ఆస్టన్ విల్లా, తన పొరుగు జట్టగు వెస్ట్ బ్రామిచ్ ఆల్బియన్‌ను రెండు గోళ్లతో ఓడించి ఆ కప్పును మొదటిసారి గెలిచెను. ఆర్చీ హంటరు ఆనాటి నాయకుడు. పదమూడేండ్ల క్రిందట ప్రార్థనాలయపు యువకులు కూర్చుకొనిన చిన్న జట్టు ఇంగ్లండు దేశమున కంతకు మేటిజట్టయ్యెను. కప్పు పక్షమున వాదించు బాలుర కీ కథ ఇచ్చటనే ముగిసినచో ఎంతయో బాగుండును!

కాని మెక్‌గ్రెగర్ వర్తకుడు. సంక్రాంతి బేరమును నమ్ముకొని కొట్టును నడుపజూచు బట్టల వర్తకుడు మాఘమాసములోనే తలుపులు మూసికొనునని మన యూరివారికి తెలిసిన సంగతియే. ఆయనకును అది తెలియును. 1885 జూలైలో అసోసియేషన్‌వారు ఆటగాండ్రకు జీతము లిచ్చుటకు అంగీకరించిరి. అంతవరకు చాటున జరుగుచుండినది ఆనాటినుండి బాహాటమయ్యెను. జీతము వారము వారము ఈయవలసినది. రాబడియో? కప్పు ఆటలు ఏడాదికి నాలుగో, అయిదో. తక్కిన శనివారములలో క్లబ్బులు స్నేహపూర్వకముగా ఒకదానితో నొకటి ఆడుకొనుట కేర్పాటులు చేసికొనుచుండెను. ఆ యేర్పాటులు నీటిమీది వ్రాతలు. ఎదిరి జట్టునకు ఆనాడే కప్పు ఆట తటస్థించినచో ఈ యాట రద్దగును. వర్షము కురిసిన రద్దగును. ఎదిరివారికి ఇంతకంటె మంచి బేరము తగిలిన రద్దగును. ఒక్కొక్కప్పుడు సగము జట్టు మాత్రమే వచ్చి నిలుచును. నాలుగు మైళ్లు నడచి వచ్చి, గేటువద్ద డబ్బు చెల్లించి లోపలికి పోయిన పనివాడు ఈ తమాషా చూచి తిట్టుకొనుచు ఇంటికి పోవును. మరల వచ్చు వారము రాడు.

బలాబలముల యంతర మింకొక చిక్కు. 1887 అక్టోబరులో ప్రెస్టన్ నార్త్ ఎండ్ జట్టు కప్పు ఆటలో హైడ్ అను చిన్న క్లబ్బుపై ఇరువదియారు గోళ్లు వేసెను. హైడ్‌వారు ఒక్కటియు వేయలేదు. చీటీలు తీసి జతలు కట్టునప్పు డిట్టివి తప్పవు.

విల్లాకు తగిలిన దెబ్బ దీనివెంటనే వచ్చెను. 1888 జనవరి 7వ తేదీన కప్పు హక్కుదారులైన విల్లావారు తమ పెర్రీ బార్ మైదానమునందే ప్రెస్టన్‌వారితో తలపడిరి. ఇరువదివేలకు పైగా జనము వచ్చిరి. త్రాళ్లు తెంచుకొని మైదానములోనికి చొరబడిరి. వారిని వెనుకకు నెట్టుటకు గుఱ్ఱపు సైనికులు సైతము రావలసి వచ్చెను. ఆ గందరగోళములోనే ఆట జరిగెను. ప్రెస్టన్‌వారు మూడు, విల్లావారు ఒకటి. ఒక్క మధ్యాహ్నముతో విల్లావారి కప్పు ఆశ అడుగంటెను. జనవరి మొదటి వారము. ఋతువు ముగియుటకు ఇంకను మూడు నాలుగు మాసము లుండెను. ఆటగాండ్ర జీతములు మాత్రము ఆగవు గదా!

రెండు మాసములు తిరుగకముందే, మార్చి 2వ తేదీన, మెక్‌గ్రెగర్ కొన్ని క్లబ్బులకు ఉత్తరములు వ్రాసెను. బ్లాక్‌బర్న్ రోవర్సు, బోల్టన్ వాండరర్సు, ప్రెస్టన్ నార్త్ ఎండ్, వెస్ట్ బ్రామిచ్ ఆల్బియన్ అనువారికిని, తన సొంత క్లబ్బగు విల్లాకును ఆ యుత్తరము వెళ్లెను. దాని సారాంశ మిది. ముఖ్యమైన పది పండ్రెండు క్లబ్బులు ఒక కూటముగా జేరవలెను. ప్రతి క్లబ్బును తక్కినవానితో ఏడాదికి రెండుమార్లు, ఒకమారు తన యింటను, ఒకమారు వారి యింటను ఆడవలెను. ఏ శనివారము ఏ యాట జరుగునో ముందుగనే నిశ్చయమై యుండవలెను. దానిని ఏ కారణమునను తప్పించుకొనరాదు. వినుటకు ఇది యేమంత గొప్ప యూహవలె తోచదు. మన పాఠశాలలో గోడమీద అంటించు కాలనిర్ణయ పట్టికకును దీనికిని భేదము లేదు. అయినను నేడు ప్రపంచములో ఫుట్‌బాల్ ఆడు దేశములలో పెక్కింటియందు లీగులు ఆ పట్టిక చొప్పుననే నడచుచున్నవి.

మొదటి సమావేశము మార్చి 23వ తేదీ రాత్రి లండనులో ఫ్లీట్ వీథియందలి ఆండర్టన్ హోటలునందు జరిగెను. ఆ తేదీని కోరుకొనుటలో గల చమత్కారమును గమనింపుడు. మరునాడు ఓవల్ మైదానమున కప్పు ఆఖరి పోటీ. దేశమునందలి క్లబ్బుల పెద్దలందరు దానిని చూచుటకు ఎట్లును లండనునకు వత్తురు. కప్పు పండుగకు వచ్చిన చుట్టములను కూర్చుండబెట్టియే మెక్‌గ్రెగర్ లీగునకు పునాది వేసెను! దక్షిణపు క్లబ్బుల వా రొక్కరును రాలేదు. ఏప్రిల్ 17వ తేదీన మాంచెస్టరునందలి రాయల్ హోటలులో కార్యము పూర్తియయ్యెను. పేరు విషయమున మాత్రము ఆయన మాట చెల్లలేదు. ఐర్లండునందలి రాజకీయ లీగును స్ఫురింపజేయునను తలంపున లీగు అను మాట ఆయనకు రుచింపలేదు. ప్రెస్టన్‌కు చెందిన సడెల్ గారు సూచించిన ఫుట్‌బాల్ లీగు అను పేరే నిలిచెను.

ఇక్కడ చిన్న క్లబ్బుల కష్టము మొదలగుచున్నది. ఇరుపక్షముల బాలురును శ్రద్ధగా చదువవలసిన భాగ మిదియే. ఋతువులో దొరకిన శనివారములు ఇరువదిరెండు. కావున క్లబ్బులు పండ్రెండింటికి మించరాదు. షెఫీల్డ్ వెడ్నెస్‌డే, నాటింగ్‌హాం ఫారెస్టు వంటి పేరుగల క్లబ్బులు సైతము తలుపు బయటనే నిలువవలసి వచ్చెను. అట్లు మిగిలినవారు కాంబినేషన్ అను పేర మరియొక కూటమి నేర్పరచుకొనిరి గాని, దానికి పట్టికయు, పెత్తనమును సరిగా లేక ఒక్క యేడాదిలోనే అది చెదరిపోయెను. గేటు రాబడిని ఇరు జట్లును సమముగా పంచుకొనవలెనను సూచనయు లీగులో చెల్లలేదు. వచ్చిన జట్టునకు పండ్రెండు పౌనులిచ్చి, తక్కినదంతయు ఇంటి జట్టు ఉంచుకొనవచ్చునని తీర్మానించిరి. పెద్ద యూరి క్లబ్బునకు పెద్ద సొమ్ము, చిన్న యూరి క్లబ్బునకు చిన్న సొమ్ము. ఇది న్యాయమా యని నా కిప్పటికిని సందేహమే. కప్పు ఆటలలో మాత్రము గేటు సొమ్మును ఇరువురును పంచుకొను మర్యాద కలదు. చిన్న క్లబ్బులు కప్పువైపు ఆశగా చూచుటకు కీర్తి యొక్కటే కారణము కాదని ఇందువలన తేలుచున్నది.

మరియొక నిబంధనను ఆయన గట్టిగా పట్టెను. లీగు ఆటలలో ప్రతి క్లబ్బును తన సంపూర్ణ బలముగల జట్టునే దింపవలెను. డబ్బు చెల్లించి వచ్చినవానికి సగము జట్టును చూపుట ఆయన దృష్టిలో నాసి బట్టను మేలిబట్టయని అమ్ముటవంటిది.

1888 సెప్టెంబరు 8వ తేదీన మొదటి యాటలు జరిగెను. ఎన్ని గెలుపులకు ఎన్ని పాయింట్లో ఇంకను తేలలేదు! రెండు నెలలు ఆడిన పిమ్మట, నవంబరులో, గెలుపునకు రెండు, సరిసమానమైన ఆటకు ఒకటి అని నిశ్చయించిరి. పరీక్ష వ్రాయించిన పిమ్మట మార్కులెన్నియో నిర్ణయించు ఉపాధ్యాయుని మీరు క్షమింతురా? ప్రెస్టన్‌వారు ఇరువదిరెండు ఆటలలో ఒక్కటియు ఓడక, పదునెనిమిది గెలిచి, నలుబది పాయింట్లతో అగ్రస్థాన మందిరి. ఇరువదితొమ్మిది పాయింట్లతో విల్లా రెండవది. ప్రెస్టన్‌వారు ఆ యేడే, ఒక్క గోలు సైతము ఎదిరికి ఈయక, కప్పును గూడ గెలిచిరి.

1892 లో లీగు పెరిగి రెండవ డివిజన్ ఏర్పడెను. అంతవరకు చైర్మనుగా నుండిన మెక్‌గ్రెగర్ ఆ యేడే ఆ పదవిని విడిచెను. క్రింది డివిజన్‌లో పండ్రెండు క్లబ్బులు. పై డివిజన్‌లో కడపటి ముగ్గురును, క్రింది డివిజన్‌లో మొదటి ముగ్గురును ఋతువు చివర ఒక్కొక్క ఆట ఆడి, పై చోటెవరిదో తేల్చుకొనవలెను. వీనిని పరీక్షా పోటీలనిరి. మొదటి యేడు రెండవ డివిజన్‌లో ప్రథమస్థానము పొందినది మెక్‌గ్రెగర్ గారి నగరమునకే చెందిన స్మాల్ హీత్ అను క్లబ్బు. తరువాత బర్మింగ్‌హాం సిటీ యైనది. ఏడాది పొడవున అందరికంటె ఎక్కువ పాయింట్లు తెచ్చుకొని, పై డివిజన్‌లో అందరికంటె కడపటనుండిన న్యూటన్ హీత్‌తో తలపడి, మొదటి యాట సరిసమానము కాగా, మరల ఆడిన దానిలో అయిదు రెండుతో ఓడిపోయెను. ఏడాది యంతయు తరగతిలో మొదటివాడై, ఆఖరి దినమున జ్వరముతో పరీక్ష వ్రాసిన బాలునివలె, ఉన్నచోటనే ఉండిపోయెను. న్యూటన్ హీత్ తన చోటు నిలుపుకొని, తరువాత మాంచెస్టరు యునైటెడ్ అను పేర లోకప్రసిద్ధి గాంచెను. నిత్యకృషికి ఫలమియ్యవలెనని పుట్టిన లీగునందే, పై మెట్టు ఎక్కుట మాత్రము కప్పువలె ఒక్క మధ్యాహ్నపు అదృష్టముపై నిలిచియుండెను! స్మాల్ హీత్‌వారు మాత్రము నిరాశ చెందక మరుసటి యేడు మరల ప్రయత్నించి, డార్వెన్ జట్టును ఓడించి పైకి వచ్చిరి.

ఆ మొదటి పరీక్షా పోటీలలోనే అక్రింగ్టన్ అను క్లబ్బు షెఫీల్డ్ యునైటెడ్‌తో ఒక్క గోలు తేడాతో ఓడెను. అది లీగును స్థాపించిన పండ్రెండింటిలో నొకటి. చిన్న పట్టణపు క్లబ్బు. రెండవ డివిజన్‌లో ఆడుట తమకు చిన్నతనమని తలంచి వారు లీగునే విడిచిరి. 1896 నాటికి ఆ క్లబ్బు పేరే లేకుండపోయెను. వాదమున లీగు పక్షము వహించు బాలురకు నేను ఈ సంగతిని ప్రత్యేకముగా చెప్పుచుందును. ఎక్కుటకు ఆశపడువాడు దిగుటకును సిద్ధపడి యుండవలెను. అక్రింగ్టన్‌వారు దిగి ఆడియుండినచో ఇంకొక మూడేండ్లయిన తరువాత మరల ఎక్కియుండెడివారేమో!

పరీక్షా పోటీలు ఎక్కువ కాలము నిలువలేదు. 1898 లో స్టోక్, బర్న్‌లీ జట్లకు సరిసమానముగా ముగిసినచో ఇరువురికిని పై డివిజన్‌లో చోటు దొరకునట్లు లెక్క కుదిరెను. ఇంకేమున్నది! ఇరువురును గోలు వేయకుండుటకై కష్టపడి యాడిరి. చూడవచ్చిన జనము మండిపడిరి. ఆనాటితో ఆ పద్ధతి పోయి, పైనున్న ఇద్దరు ఎక్కుట, క్రిందనున్న ఇద్దరు దిగుట అను నియమ మేర్పడెను.

ఈ మధ్యకాలమున విల్లా దశ యెట్లుండెనో చెప్పవలెను. 1895 లో కప్పును మరల గెలిచి, దానిని బర్మింగ్‌హాములో ఒక బూట్ల కొట్టు కిటికీలో జనులు చూచుటకై ఉంచగా, సెప్టెంబరు 11వ తేదీ రాత్రి దొంగ లెత్తుకొనిపోయిరి. అసలు కప్పు మరల దొరకలేదు. విల్లావారు ఇరువదియైదు పౌనులు జరిమానా చెల్లించుకొనిరి. కప్పు నెత్తుకొనిపోవచ్చును గాని లీగు పాయింట్లను ఏ దొంగయు నెత్తుకొనిపోలేడని మా బాలుడొకడు ఈ కథ విని హాస్యమాడెను. రెండేండ్లకు, 1897 ఏప్రిల్ 10వ తేదీన, విల్లావారు ఎవర్టన్‌ను మూడు రెండుతో ఓడించి క్రొత్త కప్పును గెలిచిరి. ఆనాడే తక్కిన ఫలితములు కలిసివచ్చి లీగునందును అగ్రస్థానము వారికే స్థిరపడెను. కప్పు, లీగు ఒక్కటే యేట ఒక్క క్లబ్బునకు దొరకుట మరల 1961 వరకు సంభవింపలేదు. మెక్‌గ్రెగర్ గారి కంతకంటె సంతోషకరమైన దినము మరియొకటి ఉండియుండదు.

ఆయన కాలమును దాటి కొంచెము ముందునకు పోయి, మరల ఆయన కడకు వత్తము. లీగులోనికి క్రొత్త క్లబ్బులు ప్రవేశించుట 1987 వరకు ఓట్లవలననే జరుగుచుండెను. లీగు వెలుపల ఎంత బాగుగ నాడినను, లోపలివారు ఓటు వేసిననే గాని తలుపు తెరువబడదు. 1972 ఫిబ్రవరి 5వ తేదీన హియర్‌ఫర్డ్ అను లీగు వెలుపలి చిన్న క్లబ్బు తన బురద మైదానమున, మొదటి డివిజన్ జట్టగు న్యూకాసిల్‌ను కప్పు ఆటలో రెండు ఒకటితో ఓడించెను. ఆ పేరు దేశమంతట మ్రోగెను. ఆ వేసవిలోనే వారికి లీగులో చోటు దొరకెను. తమ చిన్న లీగులో వారు మొదటివారు గూడ కారు, రెండవవారు! కప్పు కీర్తియే వారికి తలుపు తెరచెనని ఎవరు కాదనగలరు? అయినను 2014 లో అప్పులు తీర్పలేక ఆ క్లబ్బు న్యాయస్థానపు ఉత్తరువుతో మూతపడెను.

ఎక్సెటర్ సిటీ కథ ఇంకొక విధమైనది. 2003 లో లీగునుండి జారిపడి, అప్పులలో మునిగి, అభిమానులే కూడి నడుపుకొను స్థితికి వచ్చిన ఆ క్లబ్బు, 2005 జనవరిలో కప్పు ఆటలో మాంచెస్టరు యునైటెడ్ మైదానమునకు పోయి ఒక్క గోలును పడనీయక సరిసమానముగా ముగించెను. మరల తన యింట ఆడి ఓడినది. కాని ఆ రెండాటల రాబడితో అప్పులలో చాల భాగము తీర్చుకొని నిలద్రొక్కుకొనెను. 2008 లో లీగులోనికి తిరిగి వచ్చెను. అట్టి సరిసమానపు ఆటలను మరల ఆడించు పద్ధతి కప్పు ముఖ్యభాగమున 2024 నుండి తీసివేయబడినది. చిన్న క్లబ్బులకు అది పెద్ద నష్టమని నా యభిప్రాయము. విగన్ అథ్లెటిక్ అను మరియొక క్లబ్బు 2013 మే 11వ తేదీన మాంచెస్టరు సిటీని ఓడించి కప్పు గెలిచెను. మూడు దినములకే, మే 14వ తేదీన, ఆర్సెనల్‌తో ఓడి పై లీగునుండి దిగిపోయెను. రెండేండ్లకు మరియొక మెట్టు దిగెను. వారి యూరిలో ఎవరి నడిగినను ఆ కప్పును మాత్రము వెనుకకు ఇచ్చెదమనరని నేననుకొందును.

మన దేశమున చిరకాలము కప్పులదే రాజ్యము. 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పును గెలిచిన హైదరాబాదు పోలీసు జట్టును ఎరుగని క్రీడాభిమాని తెలుగునాట ఉండడు. దేశమంతటికిని జాతీయ లీగు అనునది 1996 లో గాని ఏర్పడలేదు. అన్ని సంవత్సరములు మన జట్లు ఒక్కొక్క కప్పు కొరకు ఊరూరు తిరుగుచు, నడుమ శనివారములను ఎట్లు గడపెనో తలంచినప్పుడు మెక్‌గ్రెగర్ గారి యుత్తరము జ్ఞాపకమునకు వచ్చును.

నన్ను మధ్యవర్తిగా నుండుమనిన బాలురకు ఇప్పుడు నా తీర్పు చెప్పివేయుదును. చిన్న క్లబ్బు తన యింటి లెక్కను లీగు పట్టికమీదనే వ్రాసికొనవలెను. ఏ వారము ఎంత వచ్చును, ఎంత పోవును అని తెలిపెడిది అదియొక్కటే. పై డివిజన్ జీతములను మోయగలనను నమ్మకము కలిగినప్పుడే ఎక్కుటకు తొందరపడవలెను. కప్పు రాబడిని ముందుగా ఖర్చులలో వ్రాసికొనరాదు. అది వచ్చిన యెడల అప్పు తీర్చుకొనవలెను. కాని కప్పు ఆట వచ్చిననాడు ఉత్తమమైన ఆటగాండ్రను ఇంట కూర్చుండబెట్టి, లీగు కొరకు దాచుకొంటిమను క్లబ్బులను చూచినప్పుడు నాకు కోపము వచ్చును. నేడు పెద్ద క్లబ్బులును, చిన్నవియు ఆ పని చేయుచున్నవి. సంపూర్ణ బలముగల జట్టునే దింపవలెనని ఆ బట్టల వర్తకుడు వ్రాసిన నిబంధన లీగుకొరకే ఐనను, కప్పునకును అది తగియే యున్నది. ఈ తీర్పును కప్పు పక్షము బాలు రొప్పుకొనరని నే నెరుగుదును. హియర్‌ఫర్డ్ సంగతి చెప్పి వారు నన్ను తప్పక ఎదిరింతురు. ఆ సంగతికి నావద్ద సరియైన జవాబు లేదు.

మెక్‌గ్రెగర్ గారి కడపటి సంవత్సరములను గూర్చి చెప్పవలసినది కొంచెమే. 1892 మొదలు రెండేండ్లు లీగునకు గౌరవాధ్యక్షుడుగా నుండెను. 1895 లో లీగువారు ఆయనను జీవితకాల సభ్యునిగా ఎన్నుకొనిరి. తన కొట్టును, క్లబ్బును విడువక బర్మింగ్‌హాములోనే జీవించెను. ఆటవలన ఆయన ధనము కూడబెట్టినవాడు కాడు. 1911 డిసెంబరు 20వ తేదీన ఆ నగరమునందే కాలధర్మము నొందెను. హాండ్స్‌వర్తులోని సెయింట్ మేరీ దేవాలయపు ఆవరణమున ఆయన సమాధి కలదు. విల్లా పార్కు మైదానము వెలుపల 2009 లో ఆయన కంచు విగ్రహమును నిలిపిరి. కప్పు ఆట యైనను, లీగు ఆట యైనను, చూడవచ్చిన జనము ఆ విగ్రహము ప్రక్కనుండియే లోపలికి పోవుచుందురు.